ఉద్దానం కిడ్నీ జబ్బు నుంచి కొండ ఊళ్ల రోడ్ల దాకా: మన ఆరోగ్యంపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆరోగ్యం మాట వచ్చినప్పుడల్లా జనం అడిగే ప్రశ్నలివి. ఇందులో ఎక్కువ భాగం ఉద్దానం గురించే ఉంటుంది. నీళ్లు, ఎండ, కూలి పని, అప్పు అన్నీ కలిసి మనిషి ఒంటి మీద ఎలా పడతాయో అక్కడ కనిపించినంత స్పష్టంగా మన వైపు ఇంకెక్కడా కనిపించదు.

జబ్బులు అలవాట్ల వల్ల వస్తాయి, మందులతో తగ్గుతాయి. మధ్యలో ఊరి సంగతులెందుకు?

అలవాట్లు ముఖ్యమే, మందులూ ముఖ్యమే. అయితే ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. మిట్టమధ్యాహ్నం తోటలో గొయ్యి తవ్వుతున్న మనిషి నీళ్లు తక్కువ తాగుతున్నాడంటే దగ్గర్లో తాగే నీళ్లు లేకపోయి ఉండొచ్చు, మాటిమాటికీ పని ఆపితే మేస్త్రీ ఊరుకోకపోవచ్చు, ఆడమనిషైతే మూత్రానికి వెళ్లడానికి మరుగు లేక దాహాన్ని అణుచుకుంటూ ఉండొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్తే "నీళ్లు బాగా తాగమ్మా" అని చెప్పి పంపిస్తారు. మాట మంచిదే, కానీ దానివల్ల ఈ మూడింటిలో ఒక్కటీ మారదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మైకేల్ మార్మట్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది, 2008లో నివేదిక వచ్చింది. మనుషులు పుట్టి, పెరిగి, పనిచేసి, ముసలివాళ్లయ్యే పరిస్థితులే వాళ్ల ఆరోగ్యంలో పెద్ద భాగాన్ని తేలుస్తాయని, ఆ పరిస్థితుల్ని మార్చడం ప్రభుత్వాల పని అని అందులో గట్టిగా చెప్పారు. మన ఊళ్లలో ఇది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే, అడగాల్సిన చోట అడగడమే తక్కువ.

ఉద్దానం అంటే సరిగ్గా ఏ ప్రాంతం? అక్కడి జబ్బేంటి?

శ్రీకాకుళం జిల్లా ఉత్తరాన, ఒడిశా సరిహద్దు వైపు సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడి, పనస తోటలతో చూడటానికి కోనసీమలా పచ్చగా ఉంటుంది. అక్కడ ఏళ్ల తరబడి కిడ్నీలు నెమ్మదిగా పాడైపోయే జబ్బు ఇంటింటి కథ అయిపోయింది. మామూలుగా కిడ్నీ చెడిపోతే షుగరో బీపీనో కారణమంటారు. ఇక్కడ చాలామందికి షుగరు ఉండదు, మొదట్లో బీపీ కూడా ఉండదు, ముప్పై నలభై ఏళ్ల వయసులో పొలం పనీ తోట పనీ చేసుకునే మనిషికి ఒకరోజు పరీక్ష చేస్తే సగానికి పైగా పనితనం పోయి ఉంటుంది.

కారణం నీళ్లేనా?

అందరూ ముందు అడిగేది ఇదే. ఒక్క కారణం ఇదీ అని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. భూగర్భ జలాల్లోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో నీళ్లు లేకుండా చేసే పని, నొప్పి బిళ్లలు, వంశపారంపర్యం, వీటన్నిటి మీదా అనుమానాలున్నాయి, పరిశోధనలు జరిగాయి, ఇంకా జరుగుతున్నాయి. ఒకటి కన్నా ఎక్కువ కారణాలు కలిసి పనిచేస్తున్నాయన్న వైపే చాలామంది పరిశోధకులు మొగ్గుతున్నారు.

ఇది మన ఒక్కచోటే లేదని తెలుసుకోవడం ముఖ్యం. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి రైతులకు, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కూలీలకు ఇలాంటి జబ్బే వచ్చింది. మూడు చోట్లా నేల వేరు, తిండి వేరు, భాష వేరు. ఉమ్మడిగా కనిపించేవి వేడి ప్రాంతం, ఒళ్లు వంచి చేసే పని, తక్కువ ఆదాయం. నికరాగువాలో చెరకు కూలీలకు గంట గంటకూ నీడలో విశ్రాంతి, చేతికందేలా నీళ్లు ఏర్పాటు చేశాక కిడ్నీలకు తగిలే దెబ్బ తగ్గినట్టు అధ్యయనాల్లో తేలింది. కారణం పూర్తిగా తేలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పని లేదని నేను గట్టిగా అనేది అందుకే. మంచి నీళ్లు, నీడ, విశ్రాంతి ఇస్తే నష్టపోయేవాళ్లెవరూ లేరు.

తాగుడు వల్లే వస్తుందని, శుభ్రత లేకపోవడం వల్లని కొందరంటారు. నిజమేనా?

తాగుడు ఒంటికి మంచిది కాదు, అది వేరే మాట. చుక్క ముట్టని ఆడవాళ్లకీ ఈ జబ్బు వచ్చింది. రోగిని తప్పు చేసినవాడిలా చూడటం వల్ల జరిగేది ఒక్కటే: జనం పరీక్షకు రావడం మానేస్తారు. ఉద్దానం సంబంధమంటే వెనకాడే కుటుంబాలు ఉన్నాయి కాబట్టి, పెళ్లీడు పిల్లలున్న ఇంట్లో జబ్బును బయటికి చెప్పరు, దాచిపెట్టి దాచిపెట్టి ఆఖరి దశలో ఆస్పత్రికి వస్తారు. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, కంచం పంచుకుంటే రాదు, దయచేసి ఈ ఒక్క మాటైనా నలుగురికీ చెప్పండి.

నాకు ఏ ఇబ్బందీ లేదు. మరి పరీక్ష ఎందుకు?

ఎందుకంటే కిడ్నీ నొప్పి పెట్టి చెప్పదు. కాళ్ల వాపు, ఆయాసం, వాంతులు వచ్చేసరికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం), దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ రక్తాన్ని ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకె), మూత్రంలో ఆల్బుమిన్ (ఒక రకం ప్రోటీన్), ఇవి చూడాలి. ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఒక చిక్కుంది. క్రియాటినిన్ కండను బట్టి ఉంటుంది, బక్కపల్చటి మనిషికి, ముసలివాళ్లకి కిడ్నీ దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనిపించొచ్చు. కాబట్టి రిపోర్టు మీద "నార్మల్" అని చూసి వదిలేయకుండా ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగండి. ఈ ఉద్దానం రకం జబ్బులో మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా పోకపోవచ్చు కూడా, అందుకని ఒక్క మూత్ర పరీక్షతో సరిపెట్టుకోవద్దు.

కాగితాలు పారేయకండి. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి చూస్తేనే కిడ్నీ ఎంత వేగంగా తగ్గుతోందో డాక్టరుకి తెలుస్తుంది.

మా నాన్న రోజంతా ఎండలో పనిచేస్తాడు. ఎన్ని నీళ్లు తాగాలి?

మన తీరంలో అసలు కష్టం ఎండ ఒక్కటే కాదు, ఉక్కపోత. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతూనే ఉంటుంది కానీ ఆరదు, లోపలి వేడి దిగదు. అప్పుడు ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీలకు వెళ్లే రక్తం తగ్గుతుంది. ఒకరోజు జరిగితే సర్దుకుంటుంది, ఏళ్ల తరబడి ప్రతి వేసవిలో జరిగితే ఆ దెబ్బ మిగిలిపోతుందన్నదే పరిశోధకుల భయం. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది బయట పనిచేసేవాళ్లూ పెద్దవాళ్లూ.

దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు చొప్పున తాగాలి. మజ్జిగ, గంజి, చోడి అంబలి మంచివి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదని అర్థం. పని వేళలు మార్చుకునే వీలుంటే తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపేయడం అన్నిటికన్నా మేలు. కానీ ఇది కూలీ ఒక్కడి చేతిలో ఉండదు, పని ఇచ్చే రైతు, మేస్త్రీ ఒప్పుకోవాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే పని చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. మీ పని చోట ఉన్నాయా?

ఒక జాగ్రత్త. ఇదంతా కిడ్నీ బాగున్నవాళ్లకి. ఇప్పటికే జబ్బు ముదిరినవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి, ఎక్కువ తాగితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది.

కొబ్బరి నీళ్లు కిడ్నీకి మంచివంటారు కదా?

ఆరోగ్యంగా ఉన్న మనిషికి మంచివే. జబ్బు ముదిరిన మనిషికి ప్రమాదం. అందులో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. పనస తొనలు, అరటి పండ్లదీ అదే సంగతి. చుట్టూ కొబ్బరి చెట్లూ పనస చెట్లూ ఉన్న ఊళ్లో, చూడటానికి వచ్చిన ప్రతి చుట్టమూ ప్రేమగా బోండాం కొట్టి ఇచ్చే చోట, దీన్ని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్పాలి.

ఒళ్లు నొప్పులకి షాపులో బిళ్ల తెచ్చుకుని వేసుకుంటే ఏమవుతుంది?

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తగ్గి ఉన్న రోజున, ఖాళీ కడుపుతో వేసుకుంటే దెబ్బ ఇంకా ఎక్కువ. రోజంతా వంగి పనిచేసి, రాత్రి ఒక బిళ్ల మింగితేనే మర్నాడు పనికి వెళ్లగలిగే మనిషికి "బిళ్ల మానెయ్" అంటే కూలి మానెయ్ అన్నట్టే వినిపిస్తుంది. ఆ సంగతి తెలిసే చెబుతున్నాను: తప్పనిసరైతే పారాసిటమాల్ సరైన మోతాదులో మేలు, రోజూ నొప్పి బిళ్లలు వాడుతున్న మాట డాక్టరు దగ్గర దాచకండి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే ఇంజెక్షన్‌లో ఏముందో అడిగే హక్కు మీకుంది.

ఏ నీళ్లు తాగాలి? బోరా, కుళాయా, ఆర్‌ఓ డబ్బానా?

మరగబెడితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, సిలికా, లోహాలు, ఉప్పు పోవు, నీరు ఆవిరై తగ్గిన మేరకు ఇంకాస్త చిక్కబడతాయి. ఆర్‌ఓ యంత్రం వాటిలో చాలావరకు తీసేస్తుంది, అయితే ఫిల్టర్ వేళకు మార్చకపోతే, డబ్బాలు కడగకపోతే లాభం లేదు. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు, నైట్రేట్ 45 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. మీ బోరు నీళ్లు ఎలా ఉన్నాయో రుచి చూసి చెప్పలేం, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే.

ఉద్దానానికి భూగర్భ జలాల బదులు వంశధార నీళ్లు ఇవ్వాలని హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపులైన్ వేశారు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా కట్టారు, 2023 డిసెంబరులో రెండూ ప్రారంభమయ్యాయి. ప్రజలు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చినవివి. పైపు వేయడం ఒక పని, ప్రతి ఇంటి కుళాయిలో రోజూ నీళ్లు రావడం ఇంకో పని. కుళాయి రెండు రోజులు ఆగిపోతే జనం మళ్లీ పాత బోరు దగ్గరికే వెళ్తారు, కాబట్టి రోజూ వస్తున్నాయా లేదా అని ఊరే కాపలా కాయాలి.

నీళ్ల సమస్య శ్రీకాకుళానిదే కదా, విజయనగరంలో ఏముంది?

2024 అక్టోబరులో గుర్లలో ఏం జరిగిందో మర్చిపోవద్దు. వాంతులు, విరేచనాలు ఊరంతా పాకి మనుషులు చనిపోయారు. కలుషిత నీటి వల్ల వచ్చే విరేచనాలతో ఈ కాలంలో కూడా మనిషి చనిపోవడం నా దృష్టిలో అన్నిటికన్నా బాధాకరమైన చావు, ఎందుకంటే క్లోరిన్ వేసిన ట్యాంకు, లీకు లేని పైపు, మురుగు కాలువకు దూరంగా మంచినీళ్ల లైను, వీటితోనే ఆగిపోయేది. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (టీ చెంచాతో, తలకొట్టి) కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. మగతగా ఉన్నా, మూత్రం ఆగినా ఇంట్లో ఉంచకండి, 108కి ఫోన్ చేయండి.

ఆడవాళ్లకి వేరే సమస్యలున్నాయా?

చాలా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. 20 నుంచి 24 ఏళ్ల వాళ్లలో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది. ఈ రెండు అంకెల్నీ కలిపి చదవండి. రక్తం లేని పిల్లకి చిన్న వయసులో పెళ్లి, వెంటనే కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ, ఆ బిడ్డకు మళ్లీ అదే మొదలు. ఐరన్ బిళ్ల ఇస్తే సగం పని అవుతుంది, మిగతా సగం ఇంట్లో ఎవరు ఆఖరున తింటున్నారో, అప్పటికి గిన్నెలో ఏం మిగులుతోందో చూస్తే తెలుస్తుంది.

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, వేళ్లు పుండ్లు పడతాయి, గంటల తరబడి ఒకే చోట కూర్చుని చేయడం వల్ల నడుము పోతుంది. చేతి తొడుగులు వేసుకుంటే వేగం తగ్గుతుంది, కిలోల లెక్కన కూలి కాబట్టి వేగం తగ్గితే డబ్బు తగ్గుతుంది, అందుకే తొడుగులు తీసేస్తారు. ఇక్కడ మార్చాల్సింది కూలి లెక్కగట్టే పద్ధతి. కట్టెల పొయ్యి పొగ సంగతీ ఇంతే, గ్యాస్ కనెక్షన్ ఉంటుంది కానీ సిలిండర్ ధర చూసి మళ్లీ కట్టెలు రాజేస్తారు.

ఇంట్లో ఒకరు డయాలసిస్‌లో ఉన్నారు. మందులు కాక ఇంకేం చూసుకోవాలి?

వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. దానికి రాకపోకలు కలిపితే రోజంతా పోతుంది, వెంట వెళ్లే మనిషి కూలి కూడా పోతుంది. ఒకప్పుడు విశాఖ కేజీహెచ్ దాకా వెళ్లాల్సి వచ్చేది, ఇప్పుడు సోంపేట, పలాస, టెక్కలి లాంటి చోట్ల కేంద్రాలున్నాయి, ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఉచితం, నెలకు 10,000 రూపాయల పెన్షన్ కూడా ఉంది. కాగితాలు పూర్తికాక పెన్షన్ అందని వాళ్లుంటే సచివాలయంలో అడగండి, ఆశా కార్యకర్తను వెంట తీసుకెళ్లండి.

ఇక కళ్లకు కనపడనివి. చూసుకునే మనిషి, ఎక్కువసార్లు భార్యో పెద్ద కూతురో, తన ఒంటిని పూర్తిగా వదిలేస్తుంది. పిల్ల చదువు ఆగిపోతుంది. వడ్డీ మీద వడ్డీ పెరుగుతుంది. రోగిని పలకరించడానికి వెళ్లినప్పుడు ఆ ఇంటి ఆడమనిషిని కూడా "నువ్వు తిన్నావా, నువ్వు పరీక్ష చేయించుకున్నావా" అని అడగండి.

వలస వెళ్లడానికీ ఆరోగ్యానికీ సంబంధం ఏంటి?

మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి పడవల మీద నెలలు గడుపుతారు. అక్కడి నుంచి వేటకెళ్లి 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మన వాళ్లు 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. మిగతావాళ్లు హైదరాబాద్, చెన్నైల్లో బిల్డింగ్ పనులకి వెళ్లి రేకుల షెడ్డులో పది మంది కలిసి పడుకుంటారు. దగ్గు నెల రోజులైనా పరీక్షకు వెళ్లరు, టీబీ మందు సగంలో ఆపేస్తారు, బీపీ బిళ్ల అయిపోతే ఊరికి వచ్చాక చూద్దామనుకుంటారు. ఊళ్లో మిగిలిన ముసలి తల్లిదండ్రులకి ఆస్పత్రికి తోడెళ్లే మనిషి ఉండడు. వెళ్లేవాళ్లు రిపోర్టులు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, మందులు నెలకి సరిపడా తీసుకెళ్లండి.

తుఫాను వెళ్లిపోయాక కూడా మా మామయ్య నిద్రపోడు, ఎవరితోనూ మాట్లాడడు. ఇది జబ్బేనా?

పట్టించుకోవాల్సిందే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది, ఆ అయిదారేళ్లూ ఆదాయం ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది. అంతకు ముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్. ఇంత జరిగాక మనిషికి టెన్షన్, దిగులు రాకపోతేనే ఆశ్చర్యం. "ధైర్యంగా ఉండు" అనేసి వదిలేయకండి, పక్కన కూర్చోండి, 14416 నంబరుకి ఫోన్ చేయించండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం తీసుకునే మాటలు మాట్లాడుతుంటే ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి.

కొండ మీది ఊళ్లకి రోడ్డు వేస్తే ఆరోగ్యం బాగుపడుతుందా?

పడుతుంది. నిండు గర్భిణిని డోలీలో మోసుకుంటూ కొండ దిగే వార్తలు సీతంపేట, సాలూరు వైపు నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. కాన్పులో రక్తస్రావం మొదలైతే రెండు గంటలే చాలా ఎక్కువ సమయం. సాలూరులో గిరిజన గర్భిణుల కోసం పెట్టిన వసతి గృహం లాంటివి అందుకే పనికొచ్చాయి, నెలలు నిండే ముందే వచ్చి ఆస్పత్రి దగ్గర ఉండొచ్చు. కానీ ఇంట్లో మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్న ఆ తల్లికి ఉంటుంది, దానికి జవాబు చెప్పకుండా "పిలిచినా రారు" అనడం అన్యాయం.

పేదరికం పోతే ఇవన్నీ వాటంతటవే పోతాయా?

చాలావరకు తగ్గుతాయి, పూర్తిగా పోవు. 1967లో లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. అందరికీ జీతం ఉంది, ఉచిత వైద్యం ఉంది, అయినా అట్టడుగు స్థాయి ఉద్యోగుల్లో చావుల రేటు పైస్థాయి వాళ్లకన్నా దాదాపు మూడు రెట్లు ఉంది. సిగరెట్, బీపీ లాంటివి ఆ తేడాలో కొంత భాగాన్నే వివరించగలిగాయి. మన పని మీద మనకు అదుపు లేకపోవడం, మాటకు విలువ లేకపోవడం ఒంటిని తినేస్తాయని దీని మీద పనిచేసినవాళ్లు చెబుతారు. కులం పేరుతో బావి దగ్గర వేరుగా నిలబెట్టిన చోట ఇది వేరే చెప్పక్కర్లేదు.

గ్రామసభలో ఆరోగ్యం గురించి ఏం అడగాలి?

ఆస్పత్రి కావాలని అందరూ అడుగుతారు, అదీ అడగండి. దానితో పాటు మంచినీళ్ల ట్యాంకు ఆఖరుసారి ఎప్పుడు కడిగారో, క్లోరిన్ ఎవరు వేస్తున్నారో అడగండి. బోర్ల నీటి పరీక్ష ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించమనండి. వేసవిలో పని వేళలు మార్చమని, పని చోట నీళ్లూ టార్పాలిన్ నీడా పెట్టమని తీర్మానం రాయించండి. పైనున్న ఏడు మండలాల్లో అయితే ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష ఊళ్లోనే జరగాలని అడగండి. తీర్మానం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, తర్వాతి గ్రామసభకు దాన్ని పట్టుకుని వెళ్లండి.